శస్త్రచికిత్సకు ముందు రోగికి చెప్పవలసిన మాట

శస్త్రచికిత్స యన్నంతనే సామాన్యుని మనస్సున రెండు భయములు మెదలును. మత్తు ఇచ్చిన పిమ్మట తిరిగి మెలకువ వచ్చునా యనునది ఒకటి. కోసిన గాయము మానునా యనునది రెండవది. ఈ భయములు నిరాధారములని చెప్పరాదు. అయితే ఈ రెండింటితోను దగ్గరి సంబంధము గల వస్తువొకటి రోగి చొక్కాజేబులోనో, రొంటిలోనో ఉండగా, దానిని గూర్చి రోగి అడుగడు. ఆస్పత్రి తొందరలో చెప్పవలసినవారును తరచు మరచిపోవుదురు. అది బీడీకట్ట, సిగరెట్టుపెట్టె, లేదా చుట్ట.

పొగాకువలన క్యాన్సరు వచ్చుననియు, గుండెజబ్బు వచ్చుననియు ఎరుగనివారు నేడు అరుదు. సిగరెట్టుపెట్టెమీదనే బొమ్మవేసి చెప్పుచున్నారు. అయినను వినువానికి ఆ ఆపదలు ఇరువది, ముప్పది సంవత్సరముల ఆవల ఉన్నట్లు తోచును. "అప్పటిమాట అప్పుడు చూచుకొందము" అని త్రోసివేయును. శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయమైనవాని స్థితి అట్టిది కాదు. అతని ఆపదకు తేదీ కలదు. కోత పడబోవు చోటు అతని దేహముననే వ్రేలితో చూపదగియున్నది. జీవితమంతయు ఈ బోధను పెడచెవిని పెట్టినవాడుకూడ ఆ కొలది వారములు చెవియొగ్గి వినును. అప్పుడు ఏమి చెప్పవలెను, ఎన్నడు చెప్పవలెను, ఏ మాటలతో చెప్పవలెను అనునది ఈ పాఠమునకు వస్తువు.

విషయము క్రొత్తది కాదు. 1944లో మోర్టన్ అను ఆంగ్లేయ వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఒక పరిశీలన ప్రకటించెను. శస్త్రచికిత్స జరిగిన తరువాత ఊపిరితిత్తుల చిక్కులు పొగత్రాగువారికి త్రాగనివారికంటె సుమారు ఆరురెట్లు అధికముగ కలుగుచున్నవని అందు తేలినది. ధూమపానమునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును డాల్, హిల్ అను పండితులు ఇంగ్లండులో వెల్లడించినది 1950లో. వారికి ఆరేండ్ల ముందే మత్తువైద్యులకు ఈ మాట తెలిసియున్నది. తెలిసిన మాట రోగి మంచము దాపునకు చేరుటకు మాత్రము చాలకాలము పట్టినది. కొన్నిచోట్ల ఇంకను చేరవలసియున్నది.

పొగ చేయు పనిని మూడు తావులందు చూడవలెను: రక్తమున, ఊపిరితిత్తులందు, గాయమున.

రక్తములోని ఎఱ్ఱకణములందు హీమోగ్లోబిన్ అను పదార్థము కలదు. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును ఎక్కించుకొని అంగాంగమునకు మోసికొనిపోవునది అదియే. మండుచున్న బీడీనుండియు, చుట్టనుండియు, సిగరెట్టునుండియు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లకు మించిన బిగువుతో ఈ విషవాయువును పట్టుకొనును. బస్సులో కూర్చుండవలసిన ప్రయాణికునికంటె ముందే దొంగయొకడు ఎక్కి చోటు నాక్రమించినట్లగును. బస్సు నిండుగనే కనబడును, చేరవలసినవాడు మాత్రము ఊరు చేరడు. ఇంతలో నికోటిన్ తన పని తాను చేయును. అది గుండెను వడిగా కొట్టుకొనునట్లు చేసి, రక్తపుపోటును హెచ్చించి, సన్నని రక్తనాళములను ముడుచును. గుండెకు ప్రాణవాయువు అవసరము పెరిగిన సమయముననే దాని సరఫరా తరుగును. ఆరోగ్యవంతుడు పొలము గట్టుమీద కూర్చుండి దీనిని తట్టుకొనును. మత్తులో పడియున్న దేహమునకు ఆ ఓపిక యుండదు.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. శస్త్రచికిత్సాగదిలో రోగి వ్రేలికి తగిలించు క్లిప్పువంటి పరికరము రక్తమున ప్రాణవాయువు నూటికి ఎంతయున్నదో అంకెలలో చూపును. కరోనా కాలమున అది ఇంటింట పరిచయమైనది. వాడుకలోనున్న సాధారణ పరికరము ప్రాణవాయువు నెక్కించుకొన్న హీమోగ్లోబిన్‌ను, విషవాయువు నెక్కించుకొన్న హీమోగ్లోబిన్‌ను వేరుగ గుర్తింపజాలదు. రెండింటిని కలిపి మంచిదిగనే లెక్కించును. కావున అంతకుముందే చుట్ట కాల్చివచ్చినవాని వ్రేలిపై అంకె చక్కగనే యుండవచ్చును. రోగి నిజము చెప్పినగాని వైద్యునికి తెలియని సంగతులు కొన్ని కలవనుటకు ఇదియొక నిదర్శనము.

అయితే ఈ విషవాయువు విషయమున ఊరటయు కలదు. మామూలు గాలి పీల్చుచున్నచో నాలుగైదు గంటలకొకసారి రక్తమున దాని పాలు సగమునకు దిగుచుండును. ఒక పగలు, ఒక రాత్రి పొగ ముట్టనివాని రక్తము ఈ విషయమున చాలవరకు శుభ్రపడును. ఆస్పత్రికి వచ్చిన రోగి శస్త్రచికిత్సనాటి ఉదయమున గుండె దడ తగ్గుటకని గోడచాటునకు పోయి "ఈ ఒక్కటే" అని కాల్చు బీడీ ఎంత చెరుపు చేయునో దీనిని బట్టి ఊహింపవచ్చును. ఒకనాటి నిగ్రహఫలమును అది పది నిమిషములలో హరించును.

ఊపిరితిత్తుల సంగతి చాలవరకు అందరికి తెలిసినదే. శ్వాసనాళముల లోపలి పొరను సన్నని నూగువంటి శైలికలు కప్పియుండి, దుమ్మును కఫమును పైకి త్రోయుచుండును. పొగ వానిని మొద్దుబార్చును. కఫము పెరుగును, పైకి రాదు. మత్తులో దగ్గు ఆగియుండుటచే అది లోన నిలిచి న్యుమోనియాకు దారితీయవచ్చును. శ్వాసగొట్టము అమర్చునపుడు, తీయునపుడు నాళములు బిగుసుకొనుటయు ఇట్టివారిలో అధికము. పొట్ట కుట్టిన మరునాడు దగ్గు తెరలు తెరలుగ వచ్చినచో ప్రతి దగ్గును కుట్లమీద పడును. గిలక జబ్బుకు, అనగా హెర్నియాకు, శస్త్రచికిత్స చేయించుకొన్నవానికి ఆ దగ్గు ఎంత శత్రువో వేరుగ చెప్పనక్కరలేదు.

గాయము మానుటను గూర్చి కొంత విరివిగా చెప్పవలసియున్నది. ఏలయనగా రోగి నమ్మనిది ఇదియే. "పొగ పోవునది ఊపిరితిత్తులలోనికి, కోత పడునది మోకాలికి, రెండింటికి ఏమి సంబంధము?" అని అతడు అడుగును. ప్రశ్న సబబైనదే. సమాధానము రక్తములో కలదు. కోతపడిన చోట తెగిన అంచులను కలిపి పట్టునది కొల్లాజెన్ అను మాంసకృత్తు. దేహము దానిని గట్టిగ నేయుటకు ప్రాణవాయువు కావలెను. గాయమున చేరిన క్రిములను చంపునవి తెల్లకణములు. ఆ పనికిని ప్రాణవాయువే కావలెను. 1991లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక ప్రయోగమున మనుష్యులచే పది నిమిషములు పొగత్రాగించి చర్మము క్రింద ప్రాణవాయువును కొలిచిరి. అది వెంటనే పడిపోయి, దాదాపు గంటసేపు తక్కువగనే యుండెను. దినమునకు ఇరువది కాల్చువాడు మేలుకొనియున్న పదునారు గంటలలో ఎన్ని గంటలు తన చర్మమునకు ప్రాణవాయువు నిండుగ అందనిచ్చుచున్నాడో లెక్క వేసికొన్నచో చాలును. మోకాలు మోకాలే, దానికి చేరు రక్తము పొగత్రాగిన రక్తము.

ఈ మాటను డెన్మార్కు వైద్యులు మరియొక విధముగ పరీక్షించిరి. 2003లో ప్రకటితమైన ఆ పరీక్షలో 78 మంది ఆరోగ్యవంతులు పాల్గొనిరి. వారి చర్మమున చిన్న చిన్న కోతలు పెట్టి అవి మానుతీరును చూచిరి. పొగత్రాగువారి గాయములలో నూటికి 12 చీముపట్టగా, ఎన్నడును త్రాగనివారిలో నూటికి 2 మాత్రమే చీముపట్టెను. నాలుగు వారములు మానినవారిలో చీముపట్టుట స్పష్టముగ తగ్గెను. మానినవారిలో కొందరికి నికోటిన్ పట్టీలు అంటించి, కొందరికి మందులేని పట్టీలు అంటించిరి. ఆ ఇరుతెగలకును ఈ విషయమున భేదము కానరాలేదు. ఈ చివరి అంశము ముందు చెప్పబోవు మాటకు ఉపయోగించును.

వ్రణము మాట అటుంచి, ఎముక మాట. విరిగిన ఎముక అతుకుట పొగత్రాగువారిలో ఆలస్యమగును, ఒక్కొక్కప్పుడు అతుకకయే యుండును. ఇక కాలివ్రేళ్ళు నల్లబడి కుళ్ళు బర్జర్ వ్యాధి యొకటి కలదు. 1908లో న్యూయార్కులో లియో బర్జర్ అను వైద్యుడు దానిని వివరించుటచే ఆ పేరు వచ్చినది. అది పొగాకు వాడువారికే వచ్చును. బీడీ కాల్చు శ్రామికులు మన దేశమున దానికి ఎక్కువగ గురియగుచున్నారు. వ్రేలు తీసివేసిన పిమ్మటను బీడీ మాననివానికి పాదము, పాదము పోయిన పిమ్మట మోకాలివరకు కాలు తీయవలసివచ్చుట శస్త్రవైద్యులు ఎరిగిన విషాదము. పొగాకును పూర్తిగ విడుచుటయే దాని పురోగతిని ఆపు ఉపాయము. కత్తి చేయలేని పనిని ఇచ్చట మాట చేయవలసియున్నది.

ఇక ఎన్నడు చెప్పవలెను?

2002లో డెన్మార్కునందే తుంటి, మోకాలి కీళ్ళమార్పిడికి సిద్ధమైన 120 మంది ధూమపాయులను రెండు తెగలుగ విభజించిరి. ఒక తెగకు శస్త్రచికిత్సకు ఆరు మొదలు ఎనిమిది వారముల ముందుగ నర్సులు కలిసికొని మాన్పించు ప్రయత్నము చేసిరి. రెండవ తెగకు మామూలు వైద్యము జరిగినది. తరువాత చూడగా చిక్కులు మొదటి తెగలో నూటికి 18 మందికి, రెండవ తెగలో 52 మందికి కలిగినవి. గాయమునకు సంబంధించిన చిక్కులు మొదటివారిలో నూటికి 5, రెండవవారిలో 31. మందు మార్చలేదు, కత్తి మార్చలేదు. మారినది ముందుగ చెప్పిన మాట, దానిని విన్న రోగి నడవడి. 2008లో స్వీడను దేశమున నాలుగు వారముల ముందు మొదలుపెట్టి చేసిన ప్రయత్నమునను చిక్కులు నూటికి 41 నుండి 21కి తగ్గినవి. 2020 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ, ప్రపంచ మత్తువైద్య సంఘముల సమాఖ్య, ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయము కలిసి ఒక పత్రము వెలువరించినవి. నాలుగు వారములకు తక్కువ కాకుండ ముందు మానవలెననియు, నాలుగు వారములు దాటిన పిమ్మట పొగ ముట్టని ప్రతివారమునకు ఫలితము నూటికి 19 పాళ్ళు మెరుగగుననియు దాని సారాంశము.

దీనిని బట్టి బోధకు తగిన దినమేదో తేలుచున్నది. అది ఆస్పత్రిలో చేరిన రాత్రి కాదు. శస్త్రచికిత్స కావలెనని వైద్యుడు నిశ్చయించి, కాగితము వ్రాసియిచ్చిన దినమే. కీళ్ళమార్పిడికి, హెర్నియాకు, పిత్తాశయములోని రాళ్ళకు, గర్భసంచికి జరుగు శస్త్రచికిత్సలు పెక్కింటికి వారములో, నెలలో వ్యవధి యుండును. ఆ వ్యవధిని రోగి రక్తపరీక్షలకు, సొమ్ము సమకూర్చుకొనుటకు, మంచిరోజు చూచుకొనుటకు వినియోగించును. వెల లేని ఔషధమొకటి ఆ వ్యవధిలోనే కలదని అతనికి చెప్పువారుండవలెను.

"వ్యవధి చాలనపుడు మానకుండుటయే మేలు; హఠాత్తుగ మానిన దగ్గు, కఫము పెరుగును" అను వాదమొకటి వైద్యులలోనే కొంతకాలము వ్యాపించినది. 1989లో అమెరికాలోని మేయో క్లినిక్కు వైద్యులు ప్రకటించిన ఒక పరిశీలన దానికి మూలము. గుండెకు శస్త్రచికిత్స జరిగినవారిలో, ఎనిమిది వారములలోపు మానినవారికి, అంతకంటె ముందే మానినవారికంటె ఊపిరితిత్తుల చిక్కులు ఎక్కువగ కనబడినవి. కొందరు ఈ మాటను మాననివారితో పోల్చి చెప్పినట్లు గ్రహించి, "ఇప్పుడు మానవలదు" అని రోగులకు చెప్పిరి. 2011లో పూర్వపరిశీలనలనన్నిటిని కూర్చి చూచినపుడు ఆలస్యముగ మానుటవలన కీడు కలుగునని నిరూపణ కానరాలేదు. కావున నెల యున్నచో నెల, వారమున్నచో వారము, ఒక్క దినమున్నచో ఆ ఒక్క దినమే. ముందు మానినకొలది మేలు. ఎన్నడు మానినను నష్టము లేదు.

బోధలో తొలిమెట్టు అడుగుట. ఇదియే చాలచోట్ల తప్పిపోవుచున్నది. కాగితముమీద "సిగరెట్టు అలవాటు కలదా?" అని యుండును. రోగి లేదని చెప్పును. అతడు అబద్ధమాడలేదు, కాల్చునది బీడీ. 2016–17 సంవత్సరములలో దేశమంతట జరిగిన సర్వేను బట్టి వయోజనులలో నూటికి 7.7 మంది బీడీ కాల్చుచుండగా, సిగరెట్టు కాల్చువారు 4 మంది మాత్రమే. బీడీ చిన్నది గదా, ఆకుచుట్టినది గదా, అపాయము తక్కువయని పలువురి భ్రమ. బీడీ మాటిమాటికి ఆరిపోవును గనుక దానిని తరచు, గట్టిగ పీల్చవలెను. అందుచే లోనికి పోవు విషము సిగరెట్టునకు తీసిపోదు.

స్త్రీల విషయమున పొరబాటు మరింత పెద్దది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచి కాల్చు ఆచారము ముఖ్యముగ స్త్రీలలో కలదు. దానిని "అడ్డపొగ" యందురు. అంగిలిమీద అది కలిగించు వ్యాధులను గూర్చి విశాఖపట్టణపు వైద్యులు ఎన్నో పరిశోధనలు చేసియున్నారు. గర్భసంచి శస్త్రచికిత్సకు వచ్చిన అట్టి తల్లిని "సిగరెట్టు త్రాగుదువా?" అని అడిగినచో ఆమె నవ్వి తల అడ్డముగ త్రిప్పును. అసలు అడుగనేరాదని తలచు కుర్రవైద్యులును కలరు. "అమ్మా, చుట్ట కాలుస్తావా? అడ్డపొగా, మామూలుగానా?" అని అడిగినచో ఆమెయే దినమునకెన్నియో లెక్క చెప్పును. రోగి భాష ఎరుగని ప్రశ్నకు రోగి జబాబు దొరకదు.

ఖైనీ, గుట్కా, జర్దాలను గూర్చియు వేరుగ అడుగవలెను. అవి పొగ కావు గనుక విషవాయువు మాట లేదు గాని, నికోటిన్ రక్తనాళములను ముడుచుట అందును కలదు. గుట్కాలోని వక్కవలన బుగ్గల లోపలి పొర బిగుసుకొని నోరు తెరచుకొనదు. మూడు వ్రేళ్ళు నిలువుగ పట్టనంత చిన్నదైన నోటిగుండ శ్వాసగొట్టము వేయుట మత్తువైద్యునికి పెద్ద పరీక్ష. ఆ సంగతి బల్లమీద పడుకొనబెట్టిన పిమ్మట తెలియుటకంటె ముందు తెలియుట మేలు గదా.

ఎవరియెదుట అడుగుచున్నారనునదియు ముఖ్యమే. తండ్రియెదుట కొడుకు, అత్తగారియెదుట అల్లుడు నిజము చెప్పరు. మన ఇండ్లలో అది మర్యాద. వెంట వచ్చినవారిని మందులచీటితో బయటకు పంపి, రోగిని ఒంటరిగ అడుగవలెను. కంఠములో కోపము, ఎత్తిపొడుపు ఉండరాదు. "ఇంత వయసు వచ్చింది, బుద్ధి లేదా?" అని గద్దించినవారికి రోగి రెండవసారి నిజము చెప్పడు, బీడీ మాత్రము మానడు, దాచును. దాచిన బీడీ చూపిన బీడీకంటె ప్రమాదము.

తుంటి శస్త్రచికిత్సకు పేరు వ్రాయించుకొన్న ఒక వృద్ధ రైతును, అతనితో మాటాడు నర్సును ఊహించుకొనవచ్చును.

"తాతా, రోజుకెన్ని బీడీలు కాలుస్తావు?"

"ఒక కట్ట తల్లీ. నలభై ఏళ్ళ అలవాటు. డాక్టరుగారికి చెప్పకు."

"డాక్టరుగారికే చెప్పాలి తాతా, ఆయన తిట్టరు. చూడు, నీకు ఆపరేషను వచ్చే నెలాఖరుకి. ఇదిగో ఇక్కడ, ఇంత పొడుగు కోస్తారు. ఈ గాయం మూసుకోవాలంటే మంచి రక్తం కావాలి. బీడీ కాల్చినప్పుడల్లా ఆ రక్తం దారి సన్నబడుతుంది. ఇవాళ్టి నుంచి మానేస్తే గాయం చీము పట్టకుండా నీ చేతిలో ఉన్నంత పని నువ్వు చేసినట్టే."

"ఒక్కసారిగా మానితే ప్రాణానికి ముప్పంటారే?"

"లేదు తాతా. మూడు నాలుగు రోజులు చిరాకుగా ఉంటుంది, నిద్ర సరిగ్గా పట్టదు. తర్వాత తగ్గుతుంది."

ఈ సంభాషణకు మూడు నిమిషములు పట్టదు. ఇందు క్యాన్సరు పేరు లేదు, నీతిబోధ లేదు. కోత పడబోవు చోటు కలదు, తేదీ కలదు, రోగి చేయదగిన పని కలదు.

రోగులు వినిపించు ఇతర అభ్యంతరములకును జబాబు సిద్ధముగ నుండవలెను. "తెల్లవారి చుట్ట కాల్చనిదే విరేచనము కాదు" అనునది వానిలో ముఖ్యమైనది. దీనిని నవ్వి త్రోసిపుచ్చరాదు. నికోటిన్ ప్రేవుల కదలికను హెచ్చించును. మానినవారిలో కొందరికి కొన్ని వారములు మలబద్ధము కలుగుట నిజమే. నీరు ఎక్కువగ త్రాగుట, ఆకుకూరలు, పండ్లు, అవసరమైనచో వైద్యుడిచ్చు మందు దానికి చాలును. "సగమునకు తగ్గించితిని, చాలదా?" అని మరికొందరు. తగ్గించినవాడు ఒక్కొక్కదానిని మరింత లోతుగ, చివరివరకు పీల్చును. దేహము తనకలవాటైన నికోటిన్‌ను అట్లు రాబట్టుకొనును. తగ్గించుట మానుటకు దారి కావచ్చును గాని, మానుటతో సమానము కాదు. బీడీకి బదులు ఖైనీ పట్టినవాడు ఒక ఋణము తీర్చుటకు మరియొక ఋణము చేసినవాడే.

మనోబలము చాలనివారికి నికోటిన్ నమలుబిళ్ళలు, పట్టీలు కలవు. "మరల నికోటినే గదా" అని శంకించువారికి పైన చెప్పిన డెన్మార్కు పరీక్షయే సమాధానము. పొగలోని వేలకొలది పదార్థములనుండి గాయమును తప్పించుట ముఖ్యము. అయితే వానిని వాడుచున్న సంగతి శస్త్రవైద్యునికి, మత్తువైద్యునికి తెలిసియుండవలెను. గుండెజబ్బు కలవారు, గర్భిణులు వైద్యుని అడుగక వాడరాదు.

ఒక్కసారి చెప్పి ఊరకుండుట చాలునా? 2014లో, అప్పటివరకు జరిగిన 13 పరీక్షలను కూర్చి విమర్శించిన సమీక్షయొకటి ఈ ప్రశ్నకు జబాబు చెప్పుచున్నది. నాలుగు మొదలు ఎనిమిది వారముల ముందు మొదలుపెట్టి వారమువారము కలిసికొని ప్రోత్సహించినచోట చిక్కులు సగమునకంటె ఎక్కువగ తగ్గినవి. ఒక్కసారి క్లుప్తముగ చెప్పి విడిచినచోట కొందరు మానిరి గాని, చిక్కులు తగ్గినట్లు నిరూపణ కాలేదు. పాఠము ఒకసారి చదివి వినిపించినంతమాత్రమున విద్యార్థికి రాదని ఉపాధ్యాయులెరుగుదురు, ఇదియు అట్టిదే. పెద్ద ఆస్పత్రిలో వారమువారము రోగిని పిలుచుట కష్టమైనచో, అతని ఊరి ఆరోగ్యకార్యకర్త, ఇంటివారు ఆ పని చేయగలరు. టెలిఫోనుమీదనైనను చేయవచ్చును. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో నెలకొల్పిన పొగాకు విరమణ సహాయకేంద్రము సంఖ్య 1800-11-2356. పిలుపు ఉచితము. పొగాకు పొట్లములమీదనే ఆ సంఖ్య అచ్చువేయబడుచున్నది.

వ్యవధి లేని శస్త్రచికిత్సలును కలవు. అపెండిసైటిసు, రోడ్డు ప్రమాదము తేదీ చెప్పి రావు. అట్టివారికి ముందు చెప్పు అవకాశము లేదని నిరాశ పడనక్కరలేదు. స్వీడనులో ఎముక విరిగి అత్యవసరముగ శస్త్రచికిత్స జరిగిన 105 మందితో చేసిన ప్రయత్నము 2010లో ప్రకటితమైనది. ఆస్పత్రిలో చేరిన వెంటనే మొదలుపెట్టి ఆరు వారములు తోడ్పాటునిచ్చినవారిలో నూటికి 20 మందికి, తోడ్పాటు లేనివారిలో 38 మందికి చిక్కులు కలిగినవి. గాయము మానుట కుట్లు వేసిననాడు మొదలగునుగాని ముగియదు గదా.

పిల్లలకు శస్త్రచికిత్స జరుగవలసినపుడు ఈ బోధ వినవలసినవాడు తండ్రి. ఇంటిలో పొగ పీల్చుచు పెరిగిన బిడ్డలకు మత్తు సమయమున శ్వాసకు సంబంధించిన ఇబ్బందులు ఎక్కువగ కలుగుచున్నవని పరిశీలనలు తెలుపుచున్నవి. టాన్సిల్స్ తీయించుకొనబోవు పిల్లవాని తండ్రి తాను త్రాగునది తన ఊపిరితిత్తులకే యని తలచును. అట్లే కంటిశుక్లములకు ధర్మసంస్థలు, మఠములు నడుపు శిబిరములలో పేర్లు వ్రాసికొను కార్యకర్త వయస్సు, ఊరు, చక్కెరవ్యాధి అడుగుచున్నాడు. చుట్ట, బీడీల మాటయు అదే వరుసలో అడిగినచో చాలును. కంటికి మాత్రమే మత్తు ఇచ్చి చేయు శస్త్రచికిత్సలో కదలకుండ పడుకొనవలసిన వృద్ధునికి దగ్గుతెర వచ్చుట ఎంత చిక్కో ఆ వైద్యులనడిగిన చెప్పుదురు.

శస్త్రచికిత్స జరిగి, వార్డులో వారము పది దినములు పొగ లేకయే గడచిపోవును. అచ్చట నిషేధము కలదు, లేచి పోవుటకు ఓపికయు లేదు. నికోటిన్ కొఱకు దేహము చేయు గోల తొలివారములోనే చాలవరకు చల్లారును. అసలు పరీక్ష ఇంటి గుమ్మమున ఎదురగును. చూడవచ్చిన స్నేహితుడు ప్రేమతో బీడీ అందించును, "గండం గడిచింది గదా" యనును. కావున ఇంటికి పంపునపుడిచ్చు చీటిలో మందుల వరుస, కుట్లు విప్పు తేదీ, తడి తగులనీయరాదను జాగ్రత్త వ్రాసినట్లే, బీడీ, చుట్ట, సిగరెట్టు, ఖైనీ ముట్టరాదని రోగికి తెలిసిన పేర్లతో వ్రాసి, పైన చెప్పిన టెలిఫోను సంఖ్యను చేర్చి, చదువురాని రోగికి దానిని చదివి వినిపించి, వెంట వచ్చిన భార్యకో కుమారునికో ఆ చీటిని చేతికీయవలెను.